ఊఁ కొట్టే కథ



చిన్నప్పుడు మీకు కథలు చెప్పిందెవరు? అమ్మమ్మా? నాయనమ్మా? వేసవి రాత్రుళ్లు డాబా మీద వరసగా పక్కలు పరుచుకుని, చుక్కలు చూస్తూ పడుకుంటే "అనగనగా" అని మొదలయ్యేది. ఇక అక్కణ్ణుంచి మన పని ఒక్కటే. ఊఁ కొట్టడం. అమ్మమ్మ ఒక మాట చెబుతుంది. మనం "ఊఁ" అంటాం. ఇంకో మాట చెబుతుంది. మళ్లీ "ఊఁ". నిద్రొచ్చి మనం ఊఁ కొట్టడం ఆపేశామా, అమ్మమ్మ కూడా ఆపేస్తుంది. రాజుగారి ఏడో కొడుకు ఎండని చేప దగ్గరే నిలబడిపోతాడు. మర్నాడు రాత్రి మనం మళ్లీ ఊఁ అంటేగానీ ఆ చేప ఎందుకు ఎండలేదో తేలదు.

ఈ "ఊఁ"ని కాసేపు గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం. ఎందుకంటే ఇవాళ నేను మీతో మాట్లాడబోయేది ఒక వీడియో గేమ్ గురించి. స్పైడర్‌మ్యాన్ ఆట గురించి.

కిందటి దసరా సెలవులకి బెజవాడలో మా అక్కయ్య వాళ్లింటికి వెళ్లాను. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడి గదిలోకి వెళితే, టీవీ ముందు నేల మీద కూచుని ఉన్నాడు. ఒళ్లో కంట్రోలర్. తెర మీద ఆట ఆగి ఉంది. వాడి కళ్లనిండా నీళ్లు. నాకు కంగారేసింది. "ఏరా, ఏమైంది?" అన్నాను. "ఏం లేదు మావయ్యా, మే ఆంటీ చచ్చిపోయింది" అన్నాడు.

ఆటలో ఒక ముసలావిడ పోతే, ఇరవయ్యేళ్ల కుర్రాడికి కన్నీళ్లు రావడమేమిటి? అది తెలుసుకుందామనే ఆ సెలవుల్లో మిగిలిన నాలుగు రోజులూ వాడి పక్కన కూచున్నాను. వాడి చేత మొదటినుంచీ మళ్లీ ఆడించాను. చూస్తూ చూస్తూ కొంత నేనూ ఆడాను. అప్పుడు తెలిసింది, ఆ కన్నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో.

ముందు ఆట సంగతి చెబుతాను. పేరు "మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్". 2018 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 4 కోసం వచ్చింది. తయారుచేసింది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, బర్‌బ్యాంక్‌లో ఉన్న ఇన్‌సామ్నియాక్ గేమ్స్ అనే సంస్థ. స్పైడర్‌మ్యాన్ పాత్ర మాత్రం అంతకంటే చాలా పాతది. 1962లో పుట్టింది. రాసినవాడు స్టాన్ లీ, బొమ్మలు గీసినవాడు స్టీవ్ డిట్కో. అప్పటినుంచి ఎన్ని కామిక్ పుస్తకాలు, ఎన్ని కార్టూన్లు, ఎన్ని సినిమాలు! మన తెలుగులోకి కూడా డబ్బింగ్ అయి వచ్చాయి. సాలీడు కుట్టిన కుర్రాడి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఈ ఆట రాసినవాళ్లకి ఆ నమ్మకం ఉంది. అందుకే సాలీడు కుట్టిన ముచ్చట మళ్లీ చెప్పరు. కథ మొదలయ్యేసరికే పీటర్ పార్కర్‌కి ఇరవై మూడేళ్లు. ముసుగు వేసుకుని ఎనిమిదేళ్లయింది. చదువు పూర్తయింది. ఒక శాస్త్రవేత్త దగ్గర ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. జీతం అంతంతమాత్రం. ప్రేమించిన అమ్మాయి మేరీ జేన్‌తో కొన్నాళ్లుగా మాటల్లేవు.

మొదటి దృశ్యం చెబుతాను. మీరూ ఊహించుకోండి. ఒక ఇరుకు గది. చిందరవందరగా బట్టలు, కాగితాలు, గోడ మీద ఫొటోలు. కుర్రాడు నిద్రపోతుంటాడు. ఫోను మోగుతుంది. ఊళ్లో ఏదో గొడవ. గబగబా లేచి ముసుగు తగిలించుకుంటాడు. సరిగ్గా అప్పుడే తలుపు కిందనుంచి ఒక కాగితం లోపలికి జారుతుంది. అద్దె బాకీ నోటీసు. ఒక్క క్షణం దానివంక చూస్తాడు. చూసి, కిటికీలోంచి దూకేస్తాడు.

నాకు ఈ ఆట మీద మనసు పడింది అక్కడే. అద్దె బాకీ పడ్డ మహావీరుణ్ణి ఎంతమందిని చూశాం మనం? ఊరినంతా కాపాడతాడు, ఇంటి యజమానికి మాత్రం ముఖం చాటేస్తాడు. కథ కొంచెం ముందుకు వెళ్లాక ఆ ఇల్లు కూడా ఖాళీ చేయిస్తారు. సామాను బయట పారేస్తారు. పరీక్షలు రాస్తూ, ఉద్యోగాలు వెతుకుతూ హైదరాబాదు హాస్టళ్లలో రోజులు నెట్టుకొచ్చే మన కుర్రాళ్లకి ఈ పీటర్‌ని వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. ఎవరో పక్కగది స్నేహితుడిలా ఉంటాడు.

సరే, కిటికీలోంచి దూకాడు కదా. నేలమీదికి పడిపోతున్నాడు. ఇక్కడ ఆట మనకి మొదటిసారి పని చెబుతుంది. ఒక మీట నొక్కాలి. నొక్కితే చేతిలోంచి సాలెదారం బయటికొచ్చి, ఎదురుగా ఉన్న భవనాన్ని పట్టుకుంటుంది. ఉయ్యాల ఊగినట్టు పైకి లేస్తాడు. నొక్కకపోతే? కింద పడతాడు. ఇదిగో, ఊఁ అంటే ఇదే. మనం ఊఁ అంటేనే పీటర్ పైకి లేస్తాడు. మనం కదిలితేనే కథ కదులుతుంది.

ఆ ఊగడం గురించి కొంచెం చెప్పాలి. న్యూయార్క్ నగరంలో మన్‌హట్టన్ ప్రాంతాన్నంతా ఈ ఆటలో కట్టిపెట్టారు. సెంట్రల్ పార్కు ఉంటుంది, ఎంపైర్ స్టేట్ భవనం ఉంటుంది. ఆ వీధుల మధ్య ఊగుతూ పోవచ్చు. దారం గాల్లో అంటుకోదు. భవనానికో, చెట్టుకో అంటుకోవాలి. పక్కన భవనం లేకపోతే ఎత్తుగా ఊగలేం. అందుకే సెంట్రల్ పార్కు మీదికి వచ్చేసరికి చేతులు కట్టేసినట్టవుతుంది. చెట్లు పట్టుకుని కిందకిందనే పోవాలి. ఈ పద్ధతికి దారివేసింది 2004లో వచ్చిన మరో స్పైడర్‌మ్యాన్ ఆట. ఆ ఏడాది వచ్చిన సినిమాకి జోడుగా చేసినది. పద్నాలుగేళ్ల తర్వాత ఇన్‌సామ్నియాక్ వాళ్లు దాన్ని ఎంత నునుపు చేశారంటే, మా మేనల్లుడు కొన్నిసార్లు చెయ్యాల్సిన పని పక్కనపెట్టి ఊరికే ఊగేవాడు. "ఎక్కడికిరా?" అంటే, "ఎక్కడికీ లేదు మావయ్యా, ఊరికే" అనేవాడు. చిన్నప్పుడు అట్లతద్దికి చెట్టుకి కట్టిన ఉయ్యాల ఎక్కి మా అక్కయ్య కూడా ఇలాగే ఎక్కడికీ పోకుండా గంటలు గంటలు ఊగేది.

కానీ ఒక్క మాట. ఊగడం ఒక్కటే ఉంటే రెండు గంటల్లో మొహం మొత్తుతుంది. శక్తి ఉండి కథ లేకపోతే ఎలా ఉంటుందో చూపించే ఆట ఒకటుంది. 1999లో సూపర్‌మ్యాన్ మీద ఒకటి తయారుచేశారు. లోకంలోకెల్లా బలవంతుడు. అతని చేత చేయించిందేమిటి? గాల్లో వేలాడే వలయాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి దూరిపోవడం. ఇప్పటికీ చెడ్డ ఆటల పేర్లు చెప్పమంటే ఆడేవాళ్లు దాన్ని మొదటి వరసలో చెబుతారు. ఎగరగలడు. ఎందుకు ఎగరాలో అతనికీ తెలీదు, మనకీ తెలీదు.

మన పీటర్‌కి తెలుసు. పీటర్ ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమవుతూనే ఉంటాడు. తనని పెంచిన మే ఆంటీ కోసం ఏర్పాటుచేసిన వేడుకకి వెళ్లాలి. దారిలో ఏదో దొంగతనం. ప్రయోగశాలలో గురువు ఎదురుచూస్తుంటాడు. దారిలో ఏదో అగ్గి. ఆ ఆలస్యం అతనిది కాదు, మనది. ఎందుకంటే ఆ దారిలో ఆగిందీ, ఆగకుండా పోయిందీ మన చేతులే.

రేడియో శ్రోతలు కనుక మీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. పీటర్‌కి గొంతు ఇచ్చిన నటుడు యూరి లోవెంతాల్. ఊగేటప్పుడు చెప్పే మాటలు చాలావరకు ఆయన చేత రెండుసార్లు చెప్పించారు. ఒకసారి స్థిమితంగా. ఒకసారి ఆయాసపడుతూ. మీరు గోడ మీద కూచుని ఉన్నప్పుడు ఫోనొస్తే మామూలు గొంతుతో మాట్లాడతాడు. ఊగుతూ ఉంటే అదే మాట రొప్పుతూ వస్తుంది. మధ్యలో మీరు ఊగడం ఆపేస్తే, మాట మధ్యలోనే గొంతు కుదుటపడుతుంది. మైకు ముందు నిలబడేవాళ్లకి తెలుసు, ఊపిరి మారితే మాట అర్థమే మారిపోతుందని. మన వేళ్లు చేసే పని ఆ కుర్రాడి ఊపిరిలో వినబడుతుంది. అంత జాగ్రత్తగా చేశారు.

ఇంకో సంగతి. ఆ ఆటలో కూడా మాటల కార్యక్రమం ఒకటి ఉంది. జోనా జేమ్‌సన్ అని, ఒకప్పుడు పత్రిక నడిపిన పెద్దమనిషి. ఇప్పుడు సొంతంగా కార్యక్రమం నడుపుతుంటాడు. మనం వీధుల మీద ఊగుతూ పోతుంటే ఆయన గొంతు చెవిలో పడుతూ ఉంటుంది. ఏమంటాడు? ఈ ఊరికి పట్టిన పీడంతా ఆ ముసుగువాడే అంటాడు. ఫోన్లు చేసిన శ్రోతలు కొందరు ఔనంటారు, కొందరు కాదంటారు, కాదన్నవాళ్ల మీద విరుచుకుపడతాడు. ఇప్పుడే మనం ఒక ప్రాణం కాపాడి ఉంటాం. ఆయన మాత్రం తిడుతూనే ఉంటాడు. సినిమాలో ఇది రెండు నిమిషాల ముచ్చట. ఆటలో రోజులకి రోజులు మోయాలి. చేసిన మేలుకి మాట పడటం ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ చాకిరీ చేసే ప్రతి తల్లికీ తెలుసు. ఆడే కుర్రాళ్లకి ఈ ఆట దాన్ని నేర్పుతోంది.

ఇప్పుడు పావురాల సంగతి. నాకు ఈ ఆటలో అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే.

హోవర్డ్ అని ఒక ముసలాయన ఉంటాడు. ఇల్లూ వాకిలీ లేనివాడు. పావురాలే ఆయనకి పిల్లా పాపా. అవి ఊళ్లో ఎక్కడెక్కడికో ఎగిరిపోతాయి. వాటిని పట్టి తెచ్చిపెట్టమని స్పైడర్‌మ్యాన్‌ని అడుగుతాడు. అసలు కథకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. దీనివల్ల ఏ విలనూ ఓడిపోడు. అక్కర్లేదనుకుంటే చెయ్యకపోయినా కథ ఆగదు. అయినా ఆడినవాళ్లలో చాలామంది ఆ పావురాలు పట్టారు. నగరంలో బాంబులు పేలే రోజుల్లో, ఒక ముసలాయన పావురం కోసం భవనాల మధ్య పరుగులు పెట్టారు.

అయిదేళ్లు గడిచాయి. 2023లో ఈ ఆటకి రెండో భాగం వచ్చింది. ఒకచోట బెంచీ మీద మళ్లీ హోవర్డ్ కనబడతాడు. బాగా వడలిపోయి ఉంటాడు. ఈ పావురాలకి కొత్త గూడు ఏర్పాటైంది, దారిచూపించి అక్కడిదాకా తీసుకెళ్లవా అంటాడు. సరేనంటాం. మనం ముందు ఊగుతూ పోతాం. వెనక రెక్కల చప్పుడు. నగరమంతా మన కింద ఉంటుంది. కొట్లాట లేదు, తొందర లేదు. పావురాలు గూడు చేరతాయి. అవి గూడు చేరేసరికి ఆ బెంచీ మీద ముసలాయన ప్రాణం పోయి ఉంటుంది.

తనెక్కడికి వెళ్తున్నాడో ఆయనకి తెలుసు. తన తర్వాత వాటికి దిక్కెవరని ముందే చూసుకున్నాడు. మనకి మాత్రం చివరిదాకా తెలియదు. మొదటి భాగంలో ఆ పావురాల్ని పట్టి తెచ్చినవాళ్లకి ఇది ఎలా తగులుతుందో ఆలోచించండి. అయిదేళ్ల కిందట తమ చేతులతో పట్టుకొచ్చిన పావురాలవి. ఎవరో చెబితే విన్న కథ కాదు. ఇదే నేను మళ్లీ మళ్లీ చెప్పేది. మనం కదిలితేనే కదిలిన కథ ఇది. అందుకే అది ఆగినచోట మన గుండె కూడా ఒక్క క్షణం ఆగుతుంది.

ఈ ఆట రాసినవాళ్లు మరో మంచిపని చేశారు. అప్పుడప్పుడూ మన చేతుల్లోంచి శక్తి లాగేసుకుంటారు. కొంతసేపు మేరీ జేన్‌గా ఆడాలి. ఆమె పత్రికా విలేకరి. ఆమె చేతిలో సాలెదారం ఉండదు, గోడలు ఎక్కలేదు. బల్లల వెనక, పెట్టెల వెనక నక్కి నక్కి పోవాలి. ఇంకొంతసేపు మైల్స్ మొరాలెస్ అనే కుర్రాడిగా ఆడాలి. ఒకచోట రైనో అనే ఖడ్గమృగం లాంటి రాక్షసుడు వెతుకుతూ తిరుగుతుంటాడు. మైల్స్‌ది మామూలు పిల్లవాడి ఒళ్లు. దొరికితే అంతే. ఆడేవాళ్లలో కొందరికి ఈ భాగాలు నచ్చలేదు. నెమ్మదిగా ఉన్నాయన్నారు. నెమ్మది మాట నిజమే. కానీ అరగంట భయపడుతూ పాకినవాడికే తెలుస్తుంది, మళ్లీ స్పైడర్‌మ్యాన్‌గా పైకి లేచినప్పుడు ఆ గాలి విలువ. మేరీ జేన్, మైల్స్ అలా పాకడానికి వెనకాడలేదు, చూశారా, అదీ గొప్ప. బలం లేనివాళ్లు బలం ఉన్నవాడికంటే ధైర్యవంతులని ఈ ఆట మాటల్లో ఎక్కడా చెప్పదు. మన చేత పాకించి చూపిస్తుంది.

ఆ మైల్స్ తండ్రి పోలీసు అధికారి. సిటీహాలు దగ్గర ఒక సన్మానసభ. అక్కడ బాంబులు పేలతాయి. ఆ తండ్రి చనిపోతాడు. బాంబుల వెనక ఉన్నదెవరనుకున్నారు? మార్టిన్ లీ. ఇళ్లులేనివాళ్లకి రోజూ అన్నం పెట్టే శరణాలయాన్ని నడిపేవాడు. మే ఆంటీ పనిచేసేది అక్కడే. పీటర్ ఎంతో గౌరవించిన మనిషి. చిన్నతనంలో తన మీద జరిపిన ఒక ప్రయోగంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నాడు. ఆ ప్రయోగం జరిపించింది నార్మన్ ఆస్బోర్న్. ఇప్పుడతను న్యూయార్క్ మేయరు. ఆ పగే లీని లోపల్నుంచి తినేసింది. అన్నం పెట్టే చెయ్యి, బాంబు పెట్టే చెయ్యి ఒక్కటే.

ఇక గురువుగారు. ఓటో ఆక్టేవియస్. పీటర్ పనిచేసే ప్రయోగశాల ఆయనదే. చేతులు, కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకి కృత్రిమ అవయవాలు తయారుచెయ్యాలని ఆయన తపన. చేతిలో డబ్బులుండవు. ఉన్న సాయం కూడా మేయరు ఆపించేస్తాడు. పైగా ఆయన నరాలకి మందులేని జబ్బు. కొన్నాళ్లకి చేతులూ కాళ్లూ తన మాట వినవని ఆయనకి తెలుసు. అందుకే తన మెదడు చెప్పినట్టు వినే నాలుగు ఇనుప చేతులు చేసుకుంటాడు. పీటర్ పక్కనే ఉండి సాయం చేస్తాడు. అంటే మనం సాయం చేస్తాం. ఆ ప్రయోగశాలలో తీగలు కలుపుతూ, చిక్కుముళ్లు విప్పుతూ కూచుంటాం. కొందరు ఇదేం ఆట, ఇది కొట్లాట కాదు కదా అంటారు. వదిలెయ్యాలనుకుంటే ఆ చిక్కుముళ్లని దాటిపోయే వీలు కూడా ఆటలో పెట్టారు. నేను మాత్రం దాటవద్దంటాను. ఎందుకంటే ఆ తీగలే తర్వాత ఆ మంచి మనిషి బుర్రని పాడుచేస్తాయి. ఆ చేతులే మన మీదికొస్తాయి. డాక్టర్ ఆక్టోపస్ అనే విలన్‌ని మన చేతులతో మనమే తయారుచేశాం. గురువుకి సేవ చేస్తున్నామనుకుంటూ చేశాం.

అరవయ్యేళ్లుగా కామిక్ పుస్తకాలు చదివినవాళ్లందరికీ ఆయన విలనవుతాడని తెలుసు. తెలిసీ ఆపలేరు. ద్రోణుడికి ఎదురు విల్లెత్తాల్సి వచ్చిన అర్జునుడు ముందుగా నేర్చుకున్నది ఆయన దగ్గరే కదా. మనకి ఈ బాధ కొత్తది కాదు.

ఇప్పుడు మే ఆంటీ దగ్గరికి వస్తున్నాను. మా మేనల్లుడి కన్నీళ్ల దగ్గరికి.

మన వరసల్లో అయితే ఆమె పెద్దమ్మ. పీటర్ తల్లిదండ్రులు పోయాక బెన్ పెదనాన్న, మే పెద్దమ్మ కలిసి పెంచారు. పెదనాన్న కూడా పోయాడు. మిగిలింది ఆమె ఒక్కతే. శరణాలయంలో వంటలు, పక్కలు, మందులు చూసుకుంటూ ఉంటుంది. ఊళ్లోకి ఒక వ్యాధి వదిలిపెడతాడు ఆక్టేవియస్. జనం పిట్టల్లా రాలిపోతుంటారు. మే పెద్దమ్మ పడకల మధ్య తిరుగుతూ అందరికీ సేవ చేస్తుంది. చివరికి తనే పడిపోతుంది.

పీటర్ గురువుతో చావు అంచుదాకా వెళ్లి పోరాడి, విరుగుడు మందు తెస్తాడు. ఒక్క మోతాదు. అది ఇప్పుడే పెద్దమ్మకి ఇస్తే ఆమె బతుకుతుంది. అట్టే పెట్టి, దాన్ని చూసి మరింత మందు తయారుచేస్తే ఊరంతా బతుకుతుంది. కానీ ఆ మందు తయారయ్యేదాకా పెద్దమ్మ ఉండదు.

ఆమె కళ్లు తెరుస్తుంది. ముసుగు తియ్యమంటుంది. తన పిల్లవాణ్ణి చూసుకోవాలంటుంది. ఎన్నాళ్లనుంచో ఆమెకి తెలుసు. తెలిసీ ఒక్కనాడూ అడగలేదు. అతను ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ ఎందుకు ఆలస్యమైందో ఆమెకి తెలుసు.

ఇక్కడ వినండి. ఇదే కీలకం. అంతసేపూ ఆట మనకి మీటలు ఇచ్చింది. ఊగడానికి ఒకటి. కొట్టడానికి ఒకటి. తప్పుకోవడానికి ఒకటి. వేళ్లు ఒక్క క్షణం ఆలస్యమైతే మళ్లీ ప్రయత్నించమంది. ఓడిపోతే మళ్లీ మొదటినుంచి ఇచ్చింది. ఏ కష్టానికైనా ఏదో ఒక మీట ఉంటుందని మన వేళ్లకి అలవాటు చేసింది. ఆ మంచం పక్కన మాత్రం ఏ మీటా లేదు. కాపాడాలా వద్దా అని మనల్ని అడగదు. పీటర్ సూది చేతిలోకి తీసుకుంటాడు, ఆగిపోతాడు, ఏడుస్తాడు. మనం చూస్తూ కూచోవాలి. కంట్రోలర్ చేతిలోనే ఉంటుంది. నొక్కడానికి ఏమీ ఉండదు.

మా మేనల్లుడు నాతో అన్నదిదే. "మావయ్యా, నేను అన్ని బటన్లూ నొక్కాను. ఏమీ కాలేదు."

ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది. డబ్బు ఉండొచ్చు, మందులుండొచ్చు, పరిచయాలుండొచ్చు. ఒక గడియ వస్తుంది. చేతులు ఊరికే ఉంటాయి. సినిమాలో ఇదే దృశ్యం చూస్తే మనకి జాలేస్తుంది. అక్కడ మన చేతులు మొదటినుంచీ ఖాళీగానే ఉన్నాయి కనుక జాలి దగ్గరే ఆగుతుంది. ఇక్కడ గంటల తరబడి చేతులకి పని ఇచ్చి, ఆ పనిని సరిగ్గా ఆ క్షణంలో లాక్కుంటారు. ఇన్నాళ్లూ ఊఁ కొట్టిన పిల్లవాడికి, కథలో మొదటిసారి ఊఁ అనలేని చోటు వచ్చింది. వీరుడి కథలు చెప్పే ఆటలు చాలా ఉన్నాయి. ఈ ఒక్క దృశ్యం దగ్గరే నేను ఈ ఆటని కళ అని ఒప్పుకున్నాను.

అంతా గొప్పగా ఉందనడం లేదు. ఊళ్లో దొంగతనాలు, కొట్లాటలు ఒకేలా తిరిగి తిరిగి వస్తాయి. వందోసారికి విసుగొస్తుంది. ఊరంతటి మీదా నిఘా పెట్టే గోపురాల్ని పోలీసుల కోసం స్పైడర్‌మ్యాన్ బాగుచేస్తాడు. జనం మీద అన్ని వేళలా నిఘా ఉండొచ్చా అన్న ప్రశ్న పీటర్‌కి రావలసింది, రాలేదు. అది లోటే.

రెండో భాగంలో మరొక చిన్న దృశ్యం ఉంది. రేడియోలో చెప్పకుండా ఉండలేను. హెయిలీ అనే అమ్మాయి ఉంటుంది. వినబడదు. సైగలతో మాట్లాడుతుంది. గోడల మీద బొమ్మలు వేస్తుంది. కొంతసేపు ఆమెగా ఆడతాం. అంతసేపూ ఊరి చప్పుడంతా అణిగిపోతుంది. కార్లు, కేకలు, సంగీతం, ఏవీ సరిగా వినబడవు. ఆమె ముఖమూ, చేతులూ, గీసిన బొమ్మలే మాట్లాడతాయి. శబ్దమే బతుకైన మనలాంటివాళ్లం, మీరు వినేవాళ్లు, నేను చెప్పేవాణ్ణి, ఆ నిశ్శబ్దంలో కొన్ని నిమిషాలు కూచోవడం మంచిది. వినబడనివాళ్ల లోకం ఎలా ఉంటుందో చెప్పే పాఠాలు చాలా ఉన్నాయి. ఆ వీధిలో మనల్ని నడిపించిన పాఠం నేను ఇంతకుముందు చూడలేదు.

అమ్మలకీ నాన్నలకీ రెండు మాటలు. ఈ ఆటల్లో కొట్లాట ఉంది. చావు ఉంది. యూరప్‌లో మొదటి భాగానికి పదహారేళ్లు నిండినవాళ్లకి అని గుర్తు వేశారు. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. పరీక్షల ముందు ఇవ్వకండి. అది మీ ఇంటి క్రమశిక్షణ, మీరే చూసుకోవాలి. కానీ పెద్దపిల్లలు ఆడుతుంటే, "ఇంకా ఆ దరిద్రం కట్టెయ్యవా" అని గుమ్మంలోంచే కేకేసి వెళ్లిపోకండి. ఆ ఆట ఇంగ్లీషులో మాట్లాడుతుంది. తెలుగు మాట ఒక్కటి లేదు. అయినా మన పిల్లలు అందులో అద్దె బాకీల్నీ, గురుద్రోహాన్నీ, పెద్దమ్మ చావునీ వెతుక్కున్నారు. ఇంట్లో ఒక్కళ్లకి కూడా ఆ సంగతి తెలియదు. తలుపు వేసుకుని ఒంటరిగా ఏడ్చి, కళ్లు తుడుచుకుని భోజనానికి వస్తున్నారు.

ఇవాళ రాత్రి భోజనాలయ్యాక మీ అబ్బాయినో, అమ్మాయినో పక్కన కూచోబెట్టుకోండి. ఏ ఆట ఆడుతున్నావని అడగండి. ఎంత స్కోరొచ్చిందని కాదు, కథేమిటని అడగండి. మొదటినుంచీ చెప్పమనండి. వాళ్లు చెబుతుంటే మధ్యలో అడ్డు రాకండి. ఈసారి ఊఁ కొట్టవలసింది మీరు.